గమ్ చేతిలో పెట్టి పంపితే సరిపోతుందా? సిగరెట్ మానేవాళ్లకు మన మెడికల్ షాపులు ఏం చేయొచ్చు?

రామగిరి_బాబాయ్ | నల్గొండ | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఇరవై రెండేళ్ల అలవాటు నాది. రోజుకు పన్నెండు, పెళ్లిళ్ల సీజన్‌లో లెక్క ఉండదు. మొన్న చెర్వుగట్టు మెట్లు ఎక్కుతూ రెండుసార్లు కూలబడ్డాను. మా అత్తమ్మ, అరవై ఎనిమిదేళ్ల మనిషి, "నీళ్లు తాగుతావా అల్లుడూ" అని అడిగి నన్ను దాటుకుని ఎక్కిపోయింది. అక్కడే అనుకున్నాను, ఇక చాలని.

మరుసటి రోజు సాయంత్రం మెడికల్ షాపుకు పోయాను. కౌంటర్ దగ్గర ఆరేడుగురున్నారు, అందులో మా గల్లీ ఆయన ఒకడు. గొంతు తగ్గించి "సిగరెట్ మానడానికి ఏదో గమ్ ఉంటదట కదా" అన్నాను. లోపలున్న పిల్లగాడు ర్యాక్ దగ్గర్నుంచే కేకేశాడు: "సిగరెట్ గమ్మా? రెండా, నాలుగా?" అందరూ తిరిగి చూశారు. ఎన్ని షీట్లు అని అడుగుతున్నాడనుకుని "నాలుగియ్యి తమ్మీ" అన్నాను. "నాలుగుకు డాక్టర్ చీటీ కావాలె" అన్నాడు. నాలుగు షీట్ల చూయింగ్ గమ్‌కు చీటీ ఏందో నాకు అర్థం కాలేదు. సరే, రెండే పట్టుకుని బయటపడ్డాను.

పక్క హోటల్‌లో చాయ్ చెప్పి, గమ్ నోట్లో వేసుకున్నాను. చాయ్ తాగుతూ బబుల్ గమ్ నమిలినట్టు నమిలాను. రెండు నిమిషాలకు గొంతు మంట, ఆ వెనకే ఎక్కిళ్లు. చాయ్ సగంలో ఉండగానే ఉమ్మేసి, పాన్ డబ్బా దగ్గరికి పోయి ఒకటి వెలిగించాను. డబ్బులూ పోయాయి, మానాలన్న ఊపూ పోయింది.

నా ప్రశ్న ఒక్కటే. ఇచ్చేవాడు ఒక్క ముక్క చెబితే ఏం పోతుంది? మన జిల్లాలో అలా చెప్పి ఇచ్చే షాపు ఎవరికైనా తెలుసా?

మందులన్న | మిర్యాలగూడ | శనివారం, రాత్రి 10:25

బాబాయ్, నవ్వినందుకు ఏమీ అనుకోకు. "రెండా, నాలుగా" అంటే షీట్లు కాదు, గమ్‌లో ఉండే నికోటిన్ మిల్లీగ్రాములు. సిగరెట్‌కు అలవాటు పట్టించేది ఆ నికోటినే. 2 మి.గ్రా. గమ్ చీటీ లేకుండా ఇవ్వొచ్చు. 4 మి.గ్రా.కు డాక్టర్ చీటీ ఉండాలి. పొద్దున లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకు అలవాటు గట్టిగా ఉందని లెక్క, వాళ్లకు మామూలుగా నాలుగు పడుతుంది. ఆ తర్వాత వెలిగించేవాళ్లకు రెండు సరిపోతుంది. నువ్వు ఎప్పుడు వెలిగిస్తావు?

ఇక నమలడం. అది నమిలి మింగే సరుకు కాదు. మెల్లగా కొరకాలి, నోట్లో మిరియం తగిలినట్టు చురుక్కుమనగానే ఆపేసి బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ రెండు మూడు కొరుకులు, ఈసారి ఇంకో పక్కన పెట్టాలి. ఇలా అరగంట. నికోటిన్ ఎక్కాల్సింది బుగ్గ లోపలి చర్మం గుండా. గబగబా నమిలితే ఉమ్మితో పాటు కడుపులోకి పోతుంది, నీ మంట, ఎక్కిళ్లు అక్కడివే. గమ్‌కు ముందు పావుగంట, గమ్ నోట్లో ఉన్నంతసేపు చాయ్, కాఫీ, సోడా, నిమ్మరసం వద్దు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ ఎక్కదు. నువ్వు చాయ్‌తో కలిపి కొట్టావు కాబట్టి మంట మొత్తం వచ్చింది, లాభం ఏమీ రాలేదు.

నిజం చెప్పాలంటే ఇదంతా నేను కూడా నా కౌంటర్‌లో ఎవరికీ చెప్పను. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్య మా షాపు చూశారా? నేనొక్కడిని, ఒక పిల్లగాడు, ఎదురుగా పదిహేను చీటీలు.

పాలమూరు_పోరడు | దేవరకద్ర | శనివారం, రాత్రి 10:31

గమ్ములు, బిళ్లలు అన్నీ ఖర్చు దండగ. మనసు గట్టిగుంటే చాలు. మా మామ బీచుపల్లి దగ్గర ప్యాకెట్ కృష్ణలో పారేసి వచ్చిండు, మళ్లీ ముట్టలే.

ఆరో_ఏడు_ఫార్మ్‌డి | నల్గొండ | శనివారం, రాత్రి 11:02

మీ మామకు దండం. కానీ అన్నా, ప్యాకెట్ పారేసి మూడో రోజు ఇంకొకటి కొనుక్కున్న మామలు ఎంతమందో కూడా లెక్క పెట్టాలి కదా. వాళ్ల గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు.

మానేశాక మొదటి మూడు రోజులు శరీరం ఎక్కువ గోల చేస్తుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, ఊరికే ఆకలి. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతుంది. గమ్ పని ఆ గోల తగ్గించడం వరకే. చాయ్ తాగగానే చెయ్యి జేబులోకి పోయే అలవాటును అది మాన్పదు, అది మనమే మార్చుకోవాలి. రెండూ కలిస్తేనే ఫలితం. నా ఇంటర్న్‌షిప్ వార్డులో చూసిన మాట ఇది: మానాలన్న మనసు లేని మనిషి ఒక్కడూ కనిపించలేదు, మూడో రోజు పలకరించే మనిషి లేనివాళ్లే అంతా.

హాలియా_అక్క | హాలియా | ఆదివారం, ఉదయం 7:15

నాది మా నాన్న గోస. డెబ్బై ఒకటో ఏడు, నలభై ఏళ్లుగా బీడీలు. ఉబ్బసం, రాత్రంతా దగ్గు. మందులన్న చెప్పిన గమ్ మేమూ తెచ్చాం. నమలడానికి దవడ పళ్లు ఉంటే కదా! రెండు రోజులు ముందు పళ్లతో కుస్తీ పట్టి, మూడో రోజు గమ్ తీసి మంచం కోడుకు అంటించాడు. ఇప్పటికీ అక్కడే ఉంది, గోకినా రావడం లేదు.

ఆ తర్వాత పట్టుదలకు పోయి ఉత్త చేతులతోనే మానేశాడు. నిజంగానే మానేశాడు. మేమంతా సంతోషపడ్డాం. పది రోజులకు కొత్త తంటా మొదలైంది. గుండె దడ, చేతులు వణకడం, అన్నం చూస్తే వాంతి. "బీడీ ఆపినందుకే ఇదంతా, నా ఒంటికి బీడీయే పడింది" అని మళ్లీ మొదలుపెట్టాడు. దడ తగ్గింది! ఇప్పుడు ఆయనకు ఏం చెప్పమంటారు? ఆయన మాటే నిజమైనట్టుంది.

మందులన్న | మిర్యాలగూడ | ఆదివారం, ఉదయం 8:05

అక్కా, షాపు తీయకముందే రాస్తున్నా, ఇది ముఖ్యం. నాన్నగారు ఉబ్బసానికి డెరిఫిలిన్ లాంటి మాత్ర వాడుతున్నారా? షీటు మీద థియోఫిలిన్ అన్న పేరు ఉందేమో చూడండి.

హాలియా_అక్క | హాలియా | ఆదివారం, ఉదయం 8:20

ఉంది అన్నా. ఏళ్లుగా అదే, రోజుకు రెండు పూటలు.

మందులన్న | మిర్యాలగూడ | ఆదివారం, ఉదయం 8:52

అయితే ఆ దడ ఎక్కడిదో అనుమానించాల్సిందే. బీడీ అయినా సిగరెట్ అయినా, ఆ పొగలోని తారు వల్ల కాలేయం థియోఫిలిన్‌ను మామూలు కంటే తొందరగా అరగదీస్తుంది. అందుకే పొగ తాగేవాళ్లకు ఆ మాత్ర ఎక్కువ మోతాదు పడుతుంది. పొగ ఆపితే కాలేయం పని నెమ్మదిస్తుంది. మాత్ర మాత్రం పాత లెక్కలోనే పడుతుంటుంది. కొద్ది రోజుల్లో ఒంట్లో మందు పెరిగిపోయి దడ, వణుకు, వాంతులు వస్తాయి. మళ్లీ బీడీ ముట్టిస్తే మందు మళ్లీ తగ్గుతుంది, దడా తగ్గుతుంది. నాన్నగారు అబద్ధం చెప్పలేదు. కానీ తప్పు బీడీ ఆపడంలో లేదు, మాత్ర మోతాదు మార్చకపోవడంలో ఉంది.

మీరుగా మాత్ర ఆపకండి. చూసే డాక్టర్ దగ్గరికి పోయి "బీడీ మానేయబోతున్నాడు, ఈ మాత్ర వాడుతున్నాడు" అని ముందే చెప్పండి. మోతాదు తగ్గించడమో, వేరే మందు ఇవ్వడమో ఆయన చూసుకుంటారు. మానసిక జబ్బులకు ఇచ్చే ఓలాంజపిన్, క్లోజపిన్‌లకూ ఇదే లెక్క. పళ్ల సంగతికొస్తే చప్పరించే నికోటిన్ బిళ్లలు ఉన్నాయి, ఒంటికి అంటించే ప్యాచ్‌లు ఉన్నాయి. ఏది పడుతుందో అదీ డాక్టర్‌నే అడగండి. ఈ మధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, గర్భిణులు కూడా అడగకుండా వాడొద్దు.

ఇంకో మాట. చాయ్, కాఫీల్లోని కెఫీన్ కూడా ఇదే దారిలో అరుగుతుంది. మానేసినవాడు పాత లెక్కన రోజుకు ఎనిమిది చాయ్‌లు తాగితే చేతులు వణుకుతాయి, నిద్ర రాదు, దాన్ని సిగరెట్ లేని లోటు అనుకుంటాడు. చాయ్ సగం చేయండి.

ఆరో_ఏడు_ఫార్మ్‌డి | నల్గొండ | ఆదివారం, ఉదయం 9:10

అన్నా, "కౌంటర్‌లో ఏమీ చెప్పను" అని రాత్రి రాసింది మీరేనా?

మందులన్న | మిర్యాలగూడ | ఆదివారం, ఉదయం 9:14

తెలియక కాదు తమ్మీ. ఎవరూ అడగరు.

నాలుగు_చక్రాలు | జడ్చర్ల | ఆదివారం, మధ్యాహ్నం 1:30

లారీ నడుపుతా, హైదరాబాద్–బెంగళూరు రూటు. మీరంతా సిగరెట్ లెక్కలు వేస్తున్నారు. మా దాంట్లో సగం మంది బీడీ, మిగతా సగం నోట్లో తంబాకు. బీడీ కట్ట ఎంత, మీ గమ్ షీటు ఎంత? సిగరెట్ తాగేవాడికి గమ్ ఖర్చు సిగరెట్ ఖర్చులోనే సరిపోతుంది. బీడీ తాగేవాడు గమ్ కొనాలంటే ఇంట్లో కూరగాయల డబ్బు తియ్యాలి.

బీడీ అంటే తునికాకు, చెట్టు ఆకు, సిగరెట్ అంత చెడుపు చేయదని మావాళ్లు గట్టిగా నమ్ముతారు. ఇది నిజమేనా?

ఆరో_ఏడు_ఫార్మ్‌డి | నల్గొండ | ఆదివారం, మధ్యాహ్నం 2:05

కాదన్నా. ఆకు ఏదైనా లోపల కాలేది పొగాకే. పైగా తునికాకులోంచి గాలి సరిగ్గా ఆడదు, బీడీ ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ లాగాలి. నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ ఏవీ తక్కువ పోవు.

ఖర్చు గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. 2022 జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో నికోటిన్ గమ్‌ను చేర్చారు. కాగితం మీద అత్యావశ్యకమైంది ఊరి దవాఖానా దాకా రావాలి, అప్పుడే బీడీ మనిషికి అందుతుంది. ముందు జిల్లా ఆసుపత్రిలో పొగాకు మాన్పించే విభాగం ఎక్కడుందో, ఉచితంగా ఏమిస్తున్నారో అడగండి. జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఈ సేవ ఉండాలి. బీపీ, షుగర్ చూసే ఎన్‌సీడీ క్లినిక్‌లో అడిగినా దారి చెబుతారు.

డబ్బు అక్కర్లేనిది ఒకటుంది. 1800-11-2356, కేంద్ర ప్రభుత్వ క్విట్‌లైన్, అంటే పొగాకు మానడానికి ఫోన్‌లో సాయం. 2016 నుంచి నడుస్తోంది, ఉచితం. తెలుగులో మాట్లాడొచ్చు. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు, సోమవారం సెలవు. మానే తేదీ పెట్టిస్తారు, తర్వాత వాళ్లే మళ్లీ ఫోన్ చేసి పలకరిస్తారు. గుట్కా, ఖైనీ వాళ్లకూ ఇదే.

నాలుగు_చక్రాలు | జడ్చర్ల | ఆదివారం, మధ్యాహ్నం 2:20

ఇన్నేళ్లలో ఈ నంబర్ ఎక్కడా చూడలే.

ఆరో_ఏడు_ఫార్మ్‌డి | నల్గొండ | ఆదివారం, మధ్యాహ్నం 2:26

2018 నుంచి ప్రతి ప్యాకెట్ మీద అచ్చేస్తున్నారన్నా, పుండు బొమ్మ పక్కనే.

రామగిరి_బాబాయ్ | నల్గొండ | ఆదివారం, మధ్యాహ్నం 2:40

ప్యాకెట్ ఎవడు కొంటాడు తమ్మీ! పాన్ డబ్బా దగ్గర లూజుగా ఒకటి తీసుకుంటాం. డబ్బావాడే ప్యాకెట్ విప్పి, మూత చింపి, సిగరెట్లు గ్లాసులో నిలబెడతాడు. బొమ్మా లేదు, నంబరూ లేదు. ఇరవై రెండేళ్లలో ఆ బొమ్మను నేను సరిగ్గా చూసింది బస్టాండ్‌లో కింద పడి ఉంటేనే.

(మొదటి సిగరెట్ చాయ్ తర్వాత, అంటే లేచిన గంటకు. కాబట్టి నాది రెండో నంబరే అన్నమాట. పిల్లగాడు పొరపాటున సరిగ్గానే ఇచ్చాడు.)

నిర్వాహకుడు | ఆదివారం, సాయంత్రం 4:00

వేప్ పెన్నులు అమ్ముతామంటూ వచ్చిన పోస్టు తీసేశాను. 2019 చట్టం ప్రకారం మన దేశంలో ఈ-సిగరెట్ల అమ్మకం, ప్రకటన రెండూ నేరమే. ఇక్కడ మళ్లీ పెట్టొద్దు.

చలి_దేశం_వదిన | గ్లాస్గో, సొంతూరు వనపర్తి | ఆదివారం, రాత్రి 8:45

నేను ఇక్కడ మందుల షాపులోనే ఫార్మసిస్టుని. మా దగ్గర మానాలనుకునే మనిషి నేరుగా షాపుకే వస్తాడు. పక్కన చిన్న గది ఉంటుంది, తలుపు వేసుకుని మాట్లాడతాం. పన్నెండు వారాల కార్యక్రమం, మొదట్లో వారం వారం రావాలి. గమ్ అయినా ప్యాచ్ అయినా అతనికి ఖర్చు లేదు, ప్రభుత్వమే పెట్టుకుంటుంది. వచ్చినప్పుడల్లా ఒక చిన్న మీటర్‌లోకి ఊదిస్తాం, ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో అంకె కనిపిస్తుంది. సిగరెట్ ఆపిన ఒకటి రెండు రోజులకే ఆ అంకె తాగనివాళ్ల స్థాయికి పడిపోతుంది. పెద్ద పెద్ద మగవాళ్లు ఆ అంకె ఫోటో తీసుకుని భార్యలకు పంపడం రోజూ చూస్తాను.

గది, మీటర్, ప్రభుత్వ డబ్బు మన దగ్గర ఇప్పటికిప్పుడు రావు. కానీ నేను చేసే పనిలో పనికొచ్చేది నాకైతే వాటికంటే ఆ పలకరింపే అనిపిస్తుంది. "పోయిన వారం ఎలా గడిచింది?" అంతే. జారిపోయి వచ్చినవాడిని తిట్టకూడదు, ఎక్కడ జారాడో అడగాలి.

మందులన్న | మిర్యాలగూడ | ఆదివారం, రాత్రి 10:50

వదినా, మీరు చెప్పింది బాగుంది. మీకు ఆ సమయానికి జీతం ఉంది. ఇక్కడ నేను పది నిమిషాలు మాట్లాడితే వెనక నలుగురు పక్క షాపుకు పోతారు. గమ్ డబ్బా ఒకటి తెస్తే గడువు తీరేలోపు సగం కూడా కదలదు. కోపంతో అనడం లేదు, లెక్క చెబుతున్నా.

పక్కనే ఉన్న పాన్ డబ్బావాడు మాత్రం రాత్రి పదకొండు దాకా తెరిచే ఉంచుతాడు.

స్వామి_శరణం | నాగర్‌కర్నూల్ | సోమవారం, ఉదయం 6:10

మీరంతా ఒకటి మర్చిపోయారు. ప్రతి ఏడూ మాల వేసుకుని నలభై ఒక్క రోజులు ఒక్క సిగరెట్ ముట్టనివాళ్లు మన జిల్లాల్లో ఎంతమంది! నేనే ఏడుసార్లు వేశాను. గమ్ లేదు, చీటీ లేదు. చన్నీళ్ల స్నానం, భజన, స్వాములంతా కలిసి తినడం.

మాల తీసిన రోజే, గుడి బయటే, ఒకటి వెలిగిస్తాను. ఏడుసార్లూ అంతే. ఎందుకో నాకే తెలియదు.

ఆరో_ఏడు_ఫార్మ్‌డి | నల్గొండ | సోమవారం, ఉదయం 7:30

స్వామీ, ఇది చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. నలభై ఒక్క రోజులంటే ఒంటికి కష్టమైన భాగమంతా దాటేసినట్టే. మాల తీసేనాటికి మీ శరీరం సిగరెట్ అడగడం లేదు. మరి వెలిగించేది "మొక్కు అయిపోయింది" అన్న అలవాటు. అప్పటిదాకా చుట్టూ పదిమంది స్వాములు, ఆ రోజు నుంచి ఒంటరి. మెడికల్ షాపువాళ్లు ఏడాదికి ఒకసారే బోర్డు పెట్టేట్టయితే సంక్రాంతి ముందు వారం పెట్టాలి. రంజాన్‌లో పగలంతా ముట్టకుండా ఉండేవాళ్లకు కూడా అంతే, ఇఫ్తార్ తర్వాతి మొదటి అరగంట దాటించగలిగితే చాలు.

మందులన్న | మిర్యాలగూడ | సోమవారం, మధ్యాహ్నం 3:15

రాత్రంతా ఆలోచించా. డబ్బు పెట్టకుండా, సాయంత్రం రద్దీ ఆగకుండా నేను చేయగలిగింది ఏదో చెబుతా, తిట్టకండి.

మందులు వేసిచ్చే ఖాకీ కవర్ మీద మోతాదు పెన్నుతో రాస్తాం కదా. దాని కిందే ఒక రబ్బరు స్టాంపు కొడతా: "పొగాకు మానాలనుకుంటే 1800-11-2356". గమ్ కొన్నా, జ్వరం మాత్ర కొన్నా అందరికీ అదే కవర్. అప్పుడు ఎవరూ గొంతు తగ్గించి అడగక్కర్లేదు. దగ్గు సిరప్‌కు, ఇన్‌హేలర్‌కు వచ్చినవాళ్లను మాత్రం "ఇంట్లో ఎవరైనా బీడీ, సిగరెట్టా?" అని ఒక్క మాట అడుగుతా. గమ్ తీసుకుంటే ఎలా నమలాలో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య రమ్మంటా, ఆ టైమ్‌లో ఈగలు తోలుకుంటూనే ఉంటా. ఉద్దెర రాసే నోటుబుక్కులో చివరి పేజీ దీనికి పెడతా. పేరు, మానిన తేదీ, మూడో రోజు ఫోన్. ఉద్దెర వసూలుకు ఫోన్ చేయడం అలవాటే కదా!

రామగిరి_బాబాయ్ | నల్గొండ | సోమవారం, సాయంత్రం 5:00

ఆ పేజీలో మొదటి పేరు నాది రాసుకో అన్నా. ఊరు వేరైతే ఏం, ఫోన్ చేస్తే చాలు. మిగిలిన గమ్ పారేయలేదు, జేబులోనే ఉంది.

హాలియా_అక్క | హాలియా | పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 9:00

నాన్నను డాక్టర్‌కు చూపించాం. మాత్ర మార్చి ఇచ్చారు. మొన్న మంగళవారం నుంచి మళ్లీ ఆపాడు. చప్పరించే బిళ్ల "ఉప్పూ కారం లేని పిప్పరమెంటు" అంటూనే చప్పరిస్తున్నాడు. దడ లేదు, చిరాకు మాత్రం ఉంది, ఇంట్లో అందరి మీదా.

మందులన్న | మిర్యాలగూడ | మూడు వారాల తర్వాత, రాత్రి 10:40

స్టాంపు కథ వినండి. చేయించుకొచ్చి రెండు వందల కవర్లకు ఒకేసారి కొట్టేశా. నాలుగో రోజు ఒక పెద్దాయన "ఈ ఫోన్ కలవడం లేదయ్యా" అని వచ్చాడు. చూస్తే చివరి 6 లేదు. చేసినవాడు మింగేశాడు, నేనూ చూసుకోలేదు. కవర్లు పారేయడానికి మనసొప్పక మిగిలిన వాటి మీద ఎర్ర పెన్నుతో 6 రాస్తూ కూర్చున్నా.

అప్పటి నుంచి కవర్ తీసుకున్న ప్రతివాడూ "ఇదేంది అన్నా, ఆరు ఒక్కటే ఎర్రగుంది?" అని అడుగుతున్నాడు. అడిగినప్పుడు చెప్పక తప్పదు కదా. చివరి పేజీలో పదకొండు పేర్లయ్యాయి. నలుగురు మూడో రోజు దాటలేదు, అందులో ఇద్దరు మళ్లీ తేదీ పెట్టుకున్నారు. బాబాయ్ పంతొమ్మిదో రోజు మీద ఉన్నాడు, మధ్యలో ఒక పెళ్లిలో ఒకటి తాగాడట, తనే చెప్పాడు. రేపు కొత్త స్టాంపుకు ఆర్డర్ ఇవ్వాలి.

రామగిరి_బాబాయ్ | నల్గొండ | రాత్రి 10:47

కొత్తది చేయించకన్నా. ఎర్ర పెన్నే ఇంకో రెండు కొనుక్కో.